విడిగా వెళ్లేవారి సంతకం

జీతం కాగితం మీద ఆవిడకి చక్కటి పేరే ఉంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని పై అంతస్తులో ఎండీ దాకా అందరికీ ఆవిడ టిక్కెట్టక్క. రెండో అంతస్తులో మెట్లెక్కగానే ఎడమచేతి వైపు చిన్న గాజు గది ఆవిడది. ఒక కంప్యూటరు, రెండు ఫోన్లు, గోడ మీద విమానాల వేళల పట్టిక, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒకే ఒక్క కుర్చీ. ఇరవై ఒక్క ఏళ్లుగా ఉద్యోగుల ప్రయాణాలన్నీ ఆ గదిలోంచే బయల్దేరాయి. ఎవరికి కిటికీ పక్క సీటు కావాలో, ఎవరు కాళ్లు చాపుకోకపోతే బతకలేరో, ఎవరికి తెల్లవారుజామున లేవాలంటే ప్రాణం మీదికొస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు.

ఆ కంపెనీలో ఒక నియమం ఉంది. ఒకే విమానంలో తమవాళ్లు నలుగురికి మించి ఎక్కకూడదు. పదేళ్ల కిందట ఎక్కడో ఒక విమానం కూలి, ఎవరిదో కంపెనీలో పెద్దలంతా ఒక్కసారే పోయారని చదివి, పాత ఎండీ ఆ మర్నాడే రాయించిన నియమం అది. దానికో కాగితం కూడా తయారైంది. ఐదోవాడు ఉంటే అతను వేరే విమానంలో వెళ్లాలి. ఆ వెళ్లేదెవరో జట్టువాళ్లే వంతులవారీగా తేల్చుకోవాలి. వెళ్లేవాడు కాగితం అడుగున ఉన్న ‘విడిగా వెళ్లేవారి సమ్మతి’ అనే గడిలో సంతకం పెట్టాలి. ఆ తర్వాతే టిక్కెట్టు కొనాలి. చదవడానికి బాగానే ఉంటుంది. చదివేవాళ్లు విమానం ఎక్కరు, ఎక్కేవాళ్లు చదవరు, అదే చిక్కు.

యంత్రాలు బిగించడానికి ఊళ్లు తిరిగే ఫిట్టర్ల జట్టులో సరిగ్గా ఐదుగురు ఉన్నారు. విడిగా వెళ్లడమంటే వాళ్లలో ఎవరికీ గిట్టేది కాదు. దారంతా పేకాట, పెద్ద ఫిట్టరు చెప్పే పచ్చి అబద్ధాలు, దిగగానే అందరూ ఒకే బండిలో ఇరుక్కుని పోవడం, ఇదంతా వదులుకుని ఒక్కడూ గోడకి చేరబడి మరో విమానం కోసం ఎదురుచూడాలని ఎవరికుంటుంది? మొదట్లో ప్రతిసారీ గాజు గది ముందు చిన్నపాటి యుద్ధం జరిగేది. ఆ యుద్ధం చూసి చూసి విసిగిపోయిన టిక్కెట్టక్క ఒక దారి కనిపెట్టింది. ఆ దారి పేరు మూగనోము.

మూగనోము ఆ జట్టులో ఎలక్ట్రీషియను. మాటకి మాట ఖర్చుపెట్టడు కాబట్టి జట్టువాళ్లు పెట్టిన పేరు. వయసు ముప్పై నాలుగు. ఒక్కతే తల్లి, ఒక్కడే కొడుకు, రెండు గదుల అద్దె ఇల్లు. ఏం చెప్పినా “పర్లేదక్కా” అనేవాడు. తెల్లవారుజాము నాలుగింటి విమానమా? పర్లేదక్కా. మధ్య సీటే ఉంది? పర్లేదక్కా. అలా “పర్లేదు” అన్నవాడి నెత్తినే లోకం బరువులన్నీ పెడుతుంది. టిక్కెట్టక్క లోకంలో మనిషే కదా, ఆవిడా అదే చేసింది. ఒకసారి విడిగా వేసింది, కిక్కురుమనలేదు. రెండోసారి వేసింది. మూడోసారి నుంచి అడగడం కూడా మానేసి, తనే గడిలో అతని పేరు రాసి టిక్కెట్టు కొనేసేది. సంతకం మాటేమిటంటారా? అతను ఊరినుంచి తిరిగొచ్చి, బిల్లులు ఇవ్వడానికి వచ్చినప్పుడు పెట్టేవాడు. “తమ్ముడూ, ఇక్కడో గీత గీకిపో” అంటే గీకిపోయేవాడు. అలా ఏడు ప్రయాణాలు గడిచాయి.

ఎనిమిదోసారి టిక్కెట్లు కొనేముందు, ఒక మంగళవారం పొద్దున్న అతను గాజు తలుపు తోసి నిలబడ్డాడు. టిక్కెట్టక్క భుజానికీ చెవికీ మధ్య ఒక ఫోను, చేతిలో ఇంకో ఫోను. సేల్స్ మేనేజరు టిక్కెట్టు అప్పుడే మూడోసారి మార్చమన్నాడు.

“అక్కా, ఈసారి నేను కూడా వాళ్లతో వెళ్లొచ్చా?”

ఆవిడ కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు. “వచ్చేసారి చూద్దాంలే తమ్ముడూ. ఈసారికి సర్దుకో.”

“పర్లేదక్కా” అన్నాడు. చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లిపోయాడు. 

గురువారం నాడు నలుగురూ పొద్దుటి విమానంలో వెళ్లారు. మూగనోము మధ్యాహ్నం విమానం ఎక్కాడు. మూడూ నలభైకి కింది అంతస్తు గుమస్తా ఒకతను ఫోను చేత్తో పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చాడు. విమానం కూలిందట, ఎవరూ మిగల్లేదట, మనవాళ్లెవరన్నా ఉన్నారా అని అడిగాడు. అతను విమానం నంబరు చదవకముందే టిక్కెట్టక్కకి అది తెలిసిపోయింది. తనే కొట్టిన అంకెలు అవి. చేతికి అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి, పెద్ద ఫిట్టరుకి ఫోను కలిపాయి.

“అక్కా, మేం ఎప్పుడో సుఖంగా దిగాం!” అవతల నవ్వులు వినిపిస్తున్నాయి. “మా మూగనోము కోసం ఇక్కడే కూర్చున్నాం, వాడింకా రాలేదు. బండి ఆపి ఉంచమంటావా, మేం ముందు పోవచ్చా?”

అతనిక రాడని ఆవిడే చెప్పాల్సి వచ్చింది.

మర్నాటి నుంచి గాజు గదిలో ఫోన్లు ఊపిరాడనివ్వలేదు. ఒక్క పూటలో అరవై నాలుగు టిక్కెట్లు రద్దయ్యాయి. ముందు వరస సీటు ఇవ్వకపోతే ఊరంతా గోల చేసే సేల్స్ మేనేజరు, వెనక వరస ఇవ్వమని బతిమాలాడు. రైల్లో ముప్పై గంటలు పడుతుందన్నా సరే రైలే కావాలన్నాడు గోడౌను ఇన్‌చార్జి. ఉద్యోగుల భార్యలు ఫోన్లు చేశారు, తల్లులు చేశారు. విమానం ఏ కంపెనీది, వయసెంత, నడిపేవాడికి అనుభవమెంత అని పెళ్లిసంబంధం చూస్తున్నట్టు ఆరాలు తీశారు. అందరికీ ఓపిగ్గా చెప్పింది. ఎవరినీ ఆడిపోసుకోలేదు, భయం తనకీ ఉంది.

వారం తిరక్కముందే ఆ విమాన సంస్థ కూలిన విమానం నంబరుని పట్టికలోంచి తీసేసింది. అదే వేళకి, అదే ఊరికి కొత్త నంబరుతో ఇంకో విమానం వేసింది. సగం ధరకే సీట్లు ఇస్తామని ఒక అమ్మాయి చిరునవ్వుతో వచ్చి కాగితాలు ఇచ్చి వెళ్లింది. టిక్కెట్టక్క గోడ మీద పట్టిక మార్చలేదు. నెల దాటాక సేల్స్ మేనేజరు తలుపు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ముందు వరసలో ఏమన్నా ఉన్నాయా అని అడిగాడు. ఆ రోజే ఆవిడకి అర్థమైంది, భయం తీరిందని. మనుషులు మళ్లీ ఎగరడం తప్పేమీ కాదు, బతుకు అలాంటిది. కానీ ఆవిడకి ఎందుకో ఒళ్లు మండింది.

చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. బతికున్నన్నాళ్లూ మూగనోము పక్కన కూర్చుని భోజనం చేయనివాళ్లు కూడా ఇప్పుడు అతనెంత మంచివాడో చెప్పడం మొదలుపెట్టారు. అందులోంచే ఒక కథ పుట్టింది. మొదట ఎవరన్నారో తెలీదు గానీ, మూగనోము తనంతట తనే ముందుకొచ్చి, “మీరు కలిసి వెళ్లండి, విడిగా నేను వెళ్తాను” అన్నాడని, అలా నలుగురి ప్రాణాలూ నిలబెట్టాడని. పెద్ద ఫిట్టరు వెళ్లి ఆ తల్లికీ అదే చెప్పి వచ్చాడు. ఆవిడ కన్నీళ్లలో కూడా తల ఎత్తుకుని విందట. పైగా ఇష్టపడి వెళ్తున్నానని సంతకం పెట్టిన కాగితం ఆఫీసులో ఉందని కూడా చెప్పాడు. అలాంటి కాగితం ఒకటి ఉన్నమాట నిజమే. అందుకే కథ మొత్తం నిజంలా కుదిరిపోయింది.

ఎండీ పిలిచాడు. నలభై దాటని మనిషి, చెడ్డవాడు కాదు.

“అక్కా, మన నియమం లేకపోతే ఐదుగురూ ఒకే విమానంలో ఉండేవాళ్లేమో. ఇకనుంచి నలుగురు కాదు, ఇద్దరే. కొత్త నియమాలు మీరే రాయండి. మన కంపెనీ పత్రికలో కూడా వేద్దాం, నియమం నలుగురిని కాపాడిందని. అతని సంతకం ఉన్న కాగితం ఫొటో పెడదాం. మీ పేరు కూడా.”

టిక్కెట్టక్క తల ఊపి బయటపడింది. నియమం నలుగురిని కాపాడిందట. పొద్దుటి విమానం కూలి ఉంటే ఏమనేవాళ్లు? నియమం ఒకడిని కాపాడిందనేవాళ్లు కాబోలు.

ఆ సాయంత్రమే, ఉద్యోగుల లెక్కలు చూసే పర్సనల్ ఆఫీసరు ఫైలు పట్టుకుని గాజు గదికి వచ్చాడు. ఫైల్లో లేనిది లోకంలో లేదని నమ్మే మనిషి. కాగితం తీసి బల్ల మీద పరిచి, కింది గడి మీద వేలు పెట్టాడు. గడిలో మూగనోము పేరు ఆవిడ దస్తూరీలో ఉంది. పక్కన ఖాళీ. ప్రతిసారీ తిరిగొచ్చాక పెట్టే సంతకం అది. ఈసారి తిరిగి రాలేదు.

“చూడమ్మా, ఇది బయటపడితే నీకూ మాట వస్తుంది, కంపెనీకీ మాట వస్తుంది. పాతవి ఏడు కాగితాలున్నాయి. చూసి ఒక్క గీత దింపు. సోమవారం అతని తల్లి వస్తోంది, ఆవిడా ఈ కాగితమే చూడాలంటోంది. కొడుకు ఇష్టపడి వెళ్లాడని కళ్లారా చూసుకుంటే ఆ ముసలి ప్రాణానికి ఊరట. ఎవరికి నష్టం చెప్పు?”

ఎవరికి నష్టం? మర్నాడు భోజనాల వేళ అందరూ కిందికి వెళ్లాక, పాత కాగితం పక్కన పెట్టుకుని, పాడుకాగితం మీద గీసి చూసింది. తేలికైన సంతకమే. ఒక అక్షరం, దాని తోకనుంచి సాగిన గీత, కింద రెండు చుక్కలు. ఐదోసారికి అచ్చం అతనిదే దిగింది. తన చెయ్యి అంత తొందరగా నేర్చుకోవడం చూసి ఆవిడకి తన చెయ్యంటేనే జంకు పుట్టింది. పాడుకాగితాన్ని ముక్కలు ముక్కలు చేసి బుట్టలో వేసింది. అసలు కాగితాన్ని మాత్రం సొరుగులో పెట్టి తాళం వేసింది, గడి ఖాళీగానే ఉంది.

ఆదివారం పొద్దున్న భర్తకి చెప్పింది. ఆయన బడి బస్సు నడుపుతాడు. వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ అంతా విన్నాడు.

“పెట్టేస్తే పోయేదానికి ఎందుకే అంత మథనం? పోయినవాడొచ్చి కాదంటాడా ఏమిటి?”

“అదేనండీ నా ఏడుపు. ఉన్నప్పుడు కూడా కాదనలేదు.”

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు.

సోమవారం పదకొండింటికి తల్లి వచ్చింది. పక్కన పెద్ద ఫిట్టరు ఉన్నాడు. ఆవిడ పొట్టి మనిషి, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కొట్లో గుండీలు కుడుతుంది. కుడిచేతి చూపుడువేలి కొస సూది పోట్లతో గరుకుగా ఉంది. వచ్చినవాళ్ల కోసం ఉన్న ఒక్క కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టి, తను నిలబడింది టిక్కెట్టక్క. పెద్ద ఫిట్టరు తలుపుకి ఆనుకున్నాడు.

“నిన్ను పెద్దగా ఇబ్బంది పెట్టనమ్మా” అంది తల్లి. “వాడు సంతకం పెట్టాడటగా, ఆ కాగితం ఒక్కసారి చూపించు. ముట్టుకుని వెళ్లిపోతాను.”

టిక్కెట్టక్క సొరుగు తాళం తీసింది. కాగితం తెచ్చి తల్లి ముందు పెట్టింది. తల్లి కళ్లజోడు సర్దుకుని, ఆ గరుకు వేలితో ఒక్కో వరసా తడుముతూ కిందిదాకా వచ్చింది. గడి దగ్గర ఆగింది.

“ఇక్కడేం లేదేంటమ్మా?”

“లేదమ్మా. పెట్టలేదు.”

“అక్కా, వద్దక్కా…” అన్నాడు పెద్ద ఫిట్టరు.

“ఉండు, చెప్పనీ.” టిక్కెట్టక్క బల్ల అంచు పట్టుకుంది. “అమ్మా, మీ అబ్బాయి ఇష్టపడి వెళ్లలేదు. తనంతట తను ముందుకి రాలేదు. ఎవరి వంతు ఎప్పుడని నేను ఏనాడూ చూడలేదు. ఏం చెప్పినా మాట్లాడడు కదా అని ప్రతిసారీ నేనే విడిగా వేశాను. ఏడుసార్లు వేశాను. ఈసారి ఇక్కడికొచ్చి, ఇదిగో ఈ తలుపు దగ్గర నిలబడి, వాళ్లతో వెళ్తానని అడిగాడు. నేను ఒప్పుకోలేదు.”

గదిలో ఫోను మోగింది. ఎవరూ తీయలేదు. మోగి మోగి ఆగిపోయింది.

“అడిగాడా?” అంది తల్లి.

“అడిగాడమ్మా.”

“వాడా? నోరు తెరిచి?” తల్లి కళ్లజోడు తీసేసింది. “ఏమని అడిగాడు? వాడన్నది అన్నట్టే చెప్పు. ఒక్క ముక్క మార్చకు.”

“‘అక్కా, ఈసారి నేను కూడా వాళ్లతో వెళ్లొచ్చా’ అన్నాడు.”

తల్లి పెదవులు కదిలించి ఆ మాటలు తనలో తను అనుకుంది. రెండుసార్లు అనుకుంది.

“చిన్నప్పుడు జ్వరమొస్తే మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడేవాడు. కన్నతల్లినే నేను. నా దగ్గరే. చొక్కా చిరిగితే చెప్పేవాడు కాదు, నేనే ఉతికేటప్పుడు చూసుకునేదాన్ని. ముప్పై నాలుగేళ్లు చూశానమ్మా, ఒరేయ్, ఏదన్నా ఒక్కటి అడగరా అని. నన్ను అడగలేదు. నిన్ను అడిగాడన్నమాట.” ఆవిడ గొంతు అక్కడ మారింది. “వాడు జన్మలో ఒక్కటి అడిగితే, వచ్చేసారి అన్నావా?”

టిక్కెట్టక్క ‘వచ్చేసారి’ అన్న మాట చెప్పనేలేదు. కానీ తల్లికి తెలిసిపోయింది. కాదనేవాళ్లంతా అనేది ఆ మాటే కదా.

“అన్నానమ్మా” అంది. అప్పుడు ఏడుపొచ్చింది. నెలన్నరగా ఎక్కడ ఆగిందో ఆ ఏడుపు, నిలబడ్డచోటే ఆవిడని వంచేసింది. తల్లి ఓదార్చలేదు. ఊరుకో అనలేదు. ఆవిడ ఏడుపు ఆగేదాకా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తలుపు దగ్గర పెద్ద ఫిట్టరు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. “మేమూ ఒక్కసారన్నా రారా అనలేదమ్మా. వాడు రాకపోతేనే హాయిగా కాళ్లు చాపుకున్నాం. అది చెప్పలేకే ఆ కథ చెప్పాం” అన్నాడు.

“పెన్ను తీయమ్మా” అంది తల్లి. “వాడు అడిగింది ఆ గడిలో రాయి. ఖాళీగా ఉంచకు. ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసేస్తారు.”

టిక్కెట్టక్క రాసింది. ‘ఈసారి అందరితో కలిసి వెళ్తానని అడిగాడు. నేనే విడిగా వేశాను.’ కింద తన సంతకం పెట్టింది, తేదీ వేసింది. తల్లి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, దానికో జిరాక్స్ తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. వెళ్తూ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. కొడుకు ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడి గదిని ఒకసారి చూసుకుని, మెట్లు దిగిపోయింది.

పర్సనల్ ఆఫీసరు నెత్తి కొట్టుకున్నాడు. ఎండీ మాత్రం కాగితం రెండుసార్లు చదివాడు.

“ఇది ఫైల్లో ఉండాల్సిందేనా అక్కా? ఉంటే మీ మీదకే వస్తుంది.”

“ఉండాలి సార్.”

పత్రికలో ఆ వార్త వేయలేదు. టిక్కెట్టక్కకి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది. ఆవిడ రెండు వాక్యాల్లో ఒప్పుకుని తిరిగి పంపింది. ఏ శిక్ష వేయాలో తేలేదాకా ఆ కుర్చీలోనే పని చేయమన్నారు. కొత్త నియమాలు కూడా ఆవిడే రాసింది. విమానానికి ఇద్దరే. ఇష్టం లేనివాళ్లు కారణం చెప్పక్కర్లేకుండా రైల్లో వెళ్లొచ్చు. ముందు సంతకం, తర్వాతే టిక్కెట్టు, ఎండీకైనా అంతే.

రెండు నెలలకి, సగంలో ఆగిన యంత్రం బిగించడానికి జట్టు మళ్లీ బయల్దేరాల్సి వచ్చింది. మూగనోము స్థానంలోకి ఇంకో శాఖ నుంచి ఎలక్ట్రీషియను వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. విడిగా నేను వెళ్తానంటే నేను వెళ్తానని ఇప్పుడు పాతవాళ్లు నలుగురూ పోటీపడ్డారు. టిక్కెట్టక్క వాళ్లని బయటే ఉండమని, కొత్తమనిషిని లోపలికి పిలిచి, కాగితం ముందు పెట్టింది.

“మీరు ఎవరితో వెళ్తారు? లేక విడిగానా?”

అతను మొహమాటంగా నవ్వాడు. “ఎలాగైనా పర్లేదండీ. మీకు ఎలా వీలైతే అలా వేసేయండి.”

ఆవిడ రెండు ఫోన్లూ తీసి పక్కన పెట్టింది. కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పి, కుర్చీ అతని వైపు జరిపింది.

“పర్లేదు అంటే ఈ గదిలో టిక్కెట్టు ఇవ్వను. కూర్చోండి. మీకేం కావాలో చెప్పేదాకా నాకు వేరే పనేం లేదు.”